మావయ్యగారి డ్రమ్ము

ఆయన పోయారని అత్తయ్యగారు ఫోన్ చేసి చెప్పినప్పుడు నా నోటివెంట మొదట వచ్చిన మాట "అయ్యో" కాదు. "డ్రమ్ము ఇంకా అక్కడే ఉందా అండీ?" అని అడిగాను. అడిగాక నాలుక కరుచుకున్నాను. ఆవిడ మాత్రం ఏమీ అనుకోలేదు. "ఉందమ్మా. దొడ్లోనే ఉంది, టార్పాలిన్ కప్పి ఉంచాను" అన్నారు, నేను ఆవిడ ఆరోగ్యం గురించి అడిగినంత మామూలుగా.

వాళ్ళు మాకు చుట్టాలు కారు. బందరులో మేం రెండేళ్ళు అద్దెకున్న ఇంటి ఓనర్లు. కింద వాళ్ళు, పైన మేం. పెద్దవాళ్ళని వరస పెట్టి పిలవకపోతే మాకు మర్యాద కాదు కాబట్టి మావయ్యగారు, అత్తయ్యగారు అయ్యారు. ఆ పిలుపు వల్ల నాకు జరిగిన నష్టం ఒకటే. మావయ్యగారూ అని పిలిచిన నోటితో "మీ పొగ ఆపండి" అని గట్టిగా అనలేం.

ఆయన జీవితమంతా చెప్పే ఓపిక నాకు లేదు. నాకు తెలియదు కూడా. గుడివాడ దగ్గర రైసు మిల్లులో వాటా ఉండేదనీ, అది అమ్మేశాక చేతులు ఖాళీ అయ్యాయనీ, ఆ ఖాళీ చేతుల్లోకి ఒక పట్టకారు వచ్చిందనీ మాత్రం తెలుసు. నాకు బాగా గుర్తున్నది ఆయన దొడ్లో నిలబడే తీరు. ఎడమచెయ్యి నడుం మీద, కుడిచేతిలో ఆ పట్టకారు. ముందుకు పొడుచుకొచ్చిన పొట్ట మీద 'గ్రిల్ మాస్టర్' అని ఇంగ్లీషులో రాసిన ఏప్రాన్. వెనక్కి తిరిగితే గళ్ళ లుంగీ, చిరుగుల బనీను. ఆయన్ని ముందు నుంచి మాత్రమే చూడాలి. వచ్చినవాళ్ళు ముందే నిలబడేవాళ్ళు. నేను మేడ మీద నుంచి చూసేదాన్ని కాబట్టి నాకు రెండు వైపులా కనిపించేది.

ఆయన ఒక్కనాడు కూడా పచ్చి మాంసం ముట్టుకోలేదు. ఆదివారం తెల్లారగానే అత్తయ్యగారు కోడికాళ్ళు కడిగి, గాట్లు పెట్టి, అల్లం వెల్లుల్లి నూరి, పెరుగూ కారం పట్టించి, గిన్నె మీద మూత పెట్టి గుమ్మం బయట ఉంచేవారు. ఆయన వచ్చి ఆ ముక్కల్ని పట్టకారుతో ఒక్కొక్కటీ తీసి గ్రిల్లు ఊచల మీద పెట్టేవాడు. అదీ ఆయన వంట. మర్నాడు ఆ ఊచలకి పట్టిన జిడ్డుని బూడిదా కొబ్బరిపీచూ పెట్టి తోమేది మళ్ళీ ఆవిడే. "మొత్తం నేనే చేస్తానండీ. ఆడవాళ్ళని రానివ్వను. ఇది ఆడవాళ్ళ పని కాదు" అని మా ఆయనతో చెప్పాడు ఒకసారి. ఆ మాట అంటున్నప్పుడు పక్కనే ఆవిడ మసిగుడ్డ పట్టుకుని నిలబడి ఉన్నారు.

ముందు ఆన్‌లైన్‌లో ఒక గుండ్రటి నల్ల గ్రిల్లు తెప్పించాడు. అది చిన్నదైపోయిందని పాత ఆయిల్ డ్రమ్ముని నిలువుగా కోయించి, కాళ్ళు వెల్డింగ్ చేయించి, మూతకి బందులు వేయించి, మిల్లు సామాన్లలో మిగిలిన గొట్టం ముక్కని పొగగొట్టంగా బిగించాడు. ఆ గొట్టం మూతి సరిగ్గా మా పడగ్గది కిటికీ కింద తేలింది. మూతకి బెజ్జం పెట్టి థర్మామీటరు దూర్చాడు. ఫోన్‌ని బట్టలుతికే బండ మీద ఆనించి, అందులో ఎవరో గడ్డం ఉన్న దొరగారు చెప్పేది చూస్తూ చేసేవాడు. ఇంగ్లీషు పూర్తిగా అర్థమయ్యేది కాదు. "లో అండ్ స్లో" అన్న ముక్క మాత్రం పట్టుకున్నాడు, సన్నసెగ మీద నిదానంగా అని. పాలవాడికి చెప్పాడు, పేపరువాడికి చెప్పాడు, కరెంటు రీడింగ్ తీసే అబ్బాయికి కూడా చెప్పాడు.

"నిదానం అమ్మాయ్, నిదానం. పొగకి టైమివ్వాలి. తొందరపడితే పొగ అలుగుద్ది."

ఈ మాట చెప్పే మనిషి కాఫీ రెండు నిమిషాలు ఆలస్యమైతే ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు. గేటు ముందు స్కూటర్ ఆపి, తాను దిగి తెరుచుకోగలిగిన గేటు కోసం భార్య వచ్చేదాకా హారన్ కొట్టేవాడు. ఇంకో సూత్రం కూడా ఉండేది ఆయనకి. మూత తియ్యకూడదు. తీస్తే వేడి పోతుంది, పొగ పోతుంది, రుచి పోతుంది. ఎవరైనా చెయ్యి చాపితే "ఆగాగు!" అని కసిరేవాడు. తాను మాత్రం గేటులోంచి ఎవరు వచ్చినా, చివరికి కొరియర్ అబ్బాయి వచ్చినా, మూత ఎత్తి చూపించేవాడు. ఎత్తిన ప్రతిసారీ ఒక పొగముద్ద లేచి మా కిటికీలోకి వచ్చేది.

పొగ కోసం ఆయన మొదట వాడింది ఊక. "ఇరవయ్యేళ్ళు వడ్లు ఉడకబెట్టినోణ్ణి, కోడికాలు ఉడకబెట్టలేనా?" అన్నాడు. ఊకపొగకి వీధి మొత్తం కళ్ళు తుడుచుకుంది. తర్వాత కొబ్బరిచిప్పలు, తర్వాత సరుగుడు, తర్వాత మామిడి. ప్రతి ఆదివారం ఒక కొత్త కట్టె, ఒక కొత్త ఉపన్యాసం.

అప్పుడు మా పాపకి ఏడాదిన్నర. దానికి జలుబు చేస్తే ఛాతీలోకి దిగిపోతుంది, పిల్లికూతలు వస్తాయి. డాక్టరుగారు నాకు ఊపిరి లెక్కపెట్టడం నేర్పారు. పాప నిద్రపోతున్నప్పుడు పొట్ట మీద చెయ్యి ఆనించి, గడియారం చూస్తూ నిమిషానికి ఎన్నిసార్లు పైకి లేస్తుందో చూడాలి. ఎంత దాటితే వెంటనే తీసుకురావాలో ఒక కాగితం మీద రాసిచ్చారు. ఆ అంకె కంటే తక్కువ ఉన్నప్పుడు కూడా నేను మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టేదాన్ని. ఇప్పటికీ లెక్కపెడతాను. ఈ నాలుగు ముక్కలు రాస్తూ రెండుసార్లు లేచి వెళ్ళి వచ్చాను.

మొదటిసారి ధైర్యం చేసి కిందికి దిగి అడిగాను.

"మావయ్యగారూ, ఆ డ్రమ్ముని కొంచెం ఆ ప్రహరీ వైపు జరిపిస్తారా? పొగంతా మా గదిలోకి వస్తోంది. పాపకి దగ్గు."

ఆయన నన్ను కాక థర్మామీటర్ని చూస్తూ సమాధానం చెప్పాడు. "ఇదేం మామూలు పొగ కాదమ్మాయ్. వంటపొగ. మేమంతా కట్టెలపొయ్యి పక్కనే పుట్టాం, పొయ్యి పక్కనే పెరిగాం. ఏమైంది నాకు?"

"దానికి ఉబ్బసం తత్వం ఉందన్నారండి డాక్టరుగారు."

"డాక్టర్లకేం, అంటారు. అసలు మీరు దాన్ని ఏసీలో పెట్టి పెంచుతున్నారు, అదీ తప్పు. పొగ అలవాటవ్వాలి, దుమ్ము అలవాటవ్వాలి. అప్పుడు గట్టిపడుద్ది పిల్ల." అని మూత ఎత్తి, ఒక కాలు తీసి, ఫాయిల్‌లో చుట్టి నా చేతిలో పెట్టాడు. "ఇది పెట్టు. దగ్గూ గిగ్గూ అన్నీ పోతాయ్."

డిగ్రీ చదివాను. పొగలో ఏముంటుందో కెమిస్ట్రీ పుస్తకంలో చదివి పరీక్ష రాసి పాసయ్యాను. ఆ ఫాయిల్ పొట్లం పట్టుకుని "థాంక్సండీ" అని మెట్లెక్కి వచ్చాను.

ఆదివారాలు ఆయనకి సభ ఉండేది. గుడివాడ నుంచి అత్తయ్యగారి తమ్ముడు కుటుంబంతో సహా కారులో దిగేవాడు. చేపల చెరువులున్న ఒక స్నేహితుడు కైకలూరు వైపు నుంచి వచ్చేవాడు. ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని డ్రమ్ము చుట్టూ కూర్చునేవాళ్ళు. పైన తారులా నల్లగా మాడి, లోపల ఎముక దగ్గర గులాబీరంగులో పచ్చిగా ఉన్న ముక్కని ఒక్కొక్కరి ప్లేట్లో పెట్టి, ఆయన వాళ్ళ నోళ్ళ వైపే చూస్తూ నిలబడేవాడు.

"ఎట్టా ఉంది?"

"సూపర్ బావా! హోటల్లో కూడా ఇట్టా రాదు" అనేవాడు బావమరిది.

"పొగ తెలుస్తందా?"

"తెలుస్తంది బావా, పొగే తెలుస్తంది."

ఆయన తల తిప్పగానే ఆ బావమరిది నోట్లో ముక్కని టిష్యూ కాగితంలోకి ఊసి, క్రోటన్ మొక్క కుండీ వెనక్కి జారవిడిచేవాడు. చెరువుల స్నేహితుడు ఇంకా తెలివైనవాడు, "ఇంటికి పట్టుకెళ్తా, మా ఆవిడకి పెట్టాలి" అని పార్సిల్ కట్టించుకునేవాడు. అందరూ వెళ్ళాక ఆయన ఒక్కడే దొడ్లో తిరుగుతూ, ఎంగిలి ప్లేట్లు వంగి చూసి, "ఒక్క ముక్క మిగల్లేదు, చూశావా?" అని వంటింట్లోకి కేకేసేవాడు. ఆవిడ ఊఁ అనేవారు.

ఇంత తెలివితక్కువ మనిషిని చూసి నవ్వుకోవచ్చు. కొన్నాళ్ళు నవ్వుకున్నాను కూడా. నవ్వు ఆగిపోయిన ఆదివారం గురించి చెప్పాలి.

ఆ ముందురోజు ఆయన ఆటోలో ఒక మోపు చెక్కలు దింపించాడు. వంకర తిరిగిన పాత పలకలు, అంచుల్లో నీలం రంగు పెచ్చులు, అక్కడక్కడా తుప్పుపట్టిన మేకులు. గిలకలదిండి హార్బర్ దగ్గర పాత పడవని విప్పి అమ్ముతుంటే తెచ్చాడట. ఆదివారం పొద్దున్నే చేపలమ్మే వీరమ్మ బేసిన్ దించుకుని, మా పాప కోసం ముల్లు తక్కువ చేప ఏరుతూ ఆ మోపు చూసింది.

"ఇదేందయ్యగారో, పడవ చెక్కా? ఎందుకండీ ఇది?"

"కోడికి" అన్నాడాయన గర్వంగా.

వీరమ్మ చేతిలో చేప ఆగిపోయింది. "కోడికా! అయ్యబాబో. ఈ చెక్కకి పురుగు పట్టకుండా ఏటేటా తారు పూసుంటారండి. గుగ్గిలం, రంగు, ఇంకా ఏయేయో మందులు. చెక్కకంటే పూతే ఎక్కువుంటది. మేం కట్టెల్లేక చచ్చినా దీన్ని పొయ్యిలో పెట్టమండి. ఒకసారి మా తోడికోడలు తెలీక పెడితే ఇంటిల్లిపాదీ కళ్ళు వాచిపోయినై. చలిమంట కూడా వేసుకోం."

ఆయన ఎంతో దయగా నవ్వాడు. "నీకేం తెలుసే వీరమ్మా. ఇది ముప్పయ్యేళ్ళు సముద్రం తాగిన చెక్క. ఉప్పు లోపలిదాకా ఎక్కుంటది. ఈ ఫ్లేవర్ ఎక్కడా దొరకదు. దొరకదంతే."

"మా మొగోళ్ళు తోలే పడవండీ అది. నాకు తెలవకపోతే ఎవరికి తెలుస్తది?" అంది వీరమ్మ. తర్వాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "పిల్లని తీసుకుని ఎటన్నా పోమ్మా ఈ పూట" అంది.

నేను విన్నాను. ఆ మాట ఆయన పెడచెవిన పెట్టాడని రాయడం నాకు సులువు. కానీ అదే మాట నేనూ విన్నాను. పైకి వెళ్ళి మా ఆయనకి చెప్పాను. గూడూరు దగ్గర స్కూల్లో టీచరు ఆయన, వారంలో ఆ ఒక్క పూట నిద్రపోతాడు. "కిటికీలు వేసేయ్. ఓనరుగారితో ఇప్పుడు గొడవెందుకు? గెస్టులు కూడా వస్తున్నారు" అన్నాడు. కిటికీలు వేశాను. సందుల్లో తడి తువ్వాళ్ళు కుక్కాను. ఆటో ఎక్కి మా పిన్ని వాళ్ళింటికి వెళ్ళిపోవచ్చు. ఎందుకొచ్చావని అడిగితే పొగకి భయపడి అని చెప్పాలి. నేను ప్రతిదానికీ భయపడతానని మా వాళ్ళలో ఇప్పటికే పేరుంది. అందుకని వెళ్ళలేదు.

పదకొండు గంటలకి ఆ పొగ వచ్చింది. అంతకు ముందు పొగలన్నీ తెల్లగా, బూడిదరంగులో ఉండేవి. ఇది పసుప్పచ్చగా, బరువుగా ఉంది. రోడ్డు వేసేటప్పుడు వచ్చే వాసన. తడి తువ్వాలు దాన్ని ఏమీ ఆపలేదు. పాప మొదట తుమ్మింది, తర్వాత దగ్గింది, తర్వాత దగ్గడం మానేసింది. దగ్గడం మానేసినప్పుడు నాకు భయం వేసింది. ఒళ్ళోకి తీసుకుని గౌను పైకెత్తి చూస్తే పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంట పడుతోంది. లెక్కపెట్టడం మొదలుపెట్టి, డాక్టరుగారి కాగితం మీది అంకె అర నిమిషంలోనే దాటేసరికి లెక్క ఆపేశాను.

మా ఆయన పాపని ఎత్తుకుని, నేను చెప్పుల్లేకుండా, మెట్లు దిగి పరిగెత్తాం. దొడ్లో అందరూ ముక్కులకి కర్చీఫులు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడ్డారు. డ్రమ్ము దగ్గర ఆయన ఒక్కడే. కళ్ళు ఎర్రగా కారుతున్నాయి, పట్టకారు మాత్రం వదల్లేదు. పాప మొహం చూశాడు. కచ్చితంగా చూశాడు. మేం గేటు తోసుకుని వెళ్తుంటే వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది.

"గేటు మెల్లగా వెయ్యండమ్మా! గాలి కొడితే వేడి పడిపోద్ది!"

అత్తయ్యగారు వంటింటి గుమ్మంలో మసాలా చేతులతో నిలబడి ఉన్నారు. నోరు తెరిచారు. ఏమీ అనలేదు.

ఆసుపత్రిలో పాప మొహానికి మాస్కు పెట్టి నెబ్యులైజర్ పట్టారు. అది ఏడవడానికి కూడా ఊపిరి చాలక నా వేలు పట్టుకుని చూస్తూ ఉంది. మూడోసారి మందు పట్టాక ఏడ్చింది. ఆ ఏడుపు విని నర్సు "హమ్మయ్య" అంది.

మర్నాడు సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మా గుమ్మం ముందు ఫాయిల్ పొట్లం ఒకటి ఉంది. దాని మీద కాగితం ముక్క. 'పాపకి నీరసంగా ఉంటుంది, పెట్టు. ఈసారి పొగ అద్దిరింది.' ఆయన చేతిరాత గుండ్రంగా, అందంగా ఉంటుంది.

నెల తిరక్కుండా ఇల్లు ఖాళీ చేశాం. వెళ్ళేటప్పుడు కూడా ఎందుకు వెళ్ళిపోతున్నామో ఆయనకి చెప్పలేదు. "స్కూలుకి దగ్గరవుతుందని" అన్నాడు మా ఆయన. నేను పక్కన నిలబడి తలూపాను.

ఇదంతా జరిగి రెండేళ్ళు. ఆయన నిద్రలోనే పోయారట, గుండె ఆగి. మూడోనాడు చిన్నకర్మకి రమ్మని అత్తయ్యగారు ప్రత్యేకంగా అడిగారు. ఆవిడ కోసం మా ఆయనతో కలిసి వెళ్ళాను. పాపని వదిలి వెళ్ళే చోటు లేక వెంట తీసుకెళ్ళాను. వాళ్ళ ఇళ్ళల్లో ఆ రోజున, పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ వండి విస్తరి వేసి పెడతారు. చుట్ట తాగేవాళ్ళకి చుట్ట, మందు తాగేవాళ్ళకి మందు. మాంసం కూడా పెడతారు.

బావమరిది అప్పటికే టార్పాలిన్ లాగేశాడు. బస్తాడు బొగ్గులు తెచ్చాడు. "బావకి ఇష్టమైనది ఇంకేముంది? ఇందులో కాల్చిందే పెట్టాలి విస్తట్లో" అంటున్నాడు. కొత్తగా వచ్చిన చుట్టాలు కొందరు డ్రమ్ము చుట్టూ మూగి మూత ఎత్తి చూస్తున్నారు. బావమరిది నన్ను చూసి, గుర్తుపట్టి, వాళ్ళకి చూపించాడు.

"ఈ అమ్మాయి రెండేళ్ళు పైన అద్దెకుంది. బావ చేతి వంట ఎన్ని ఆదివారాలు తినుంటదో! అమ్మా, నువ్వు చెప్పు మావాళ్ళకి, ఎట్టా ఉండేదో."

అందరూ నా వైపు తిరిగారు. చావింట్లో ఏం మాట్లాడాలో నాకు తెలుసు. మా ఆయన మోచేత్తో మెల్లగా తాకాడు కూడా. పాప నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఆ నల్లటి డ్రమ్ముని చూస్తోంది.

"మేం తినలేదండి" అన్నాను. "పీల్చాం. నేనూ, మా పాపా."

బావమరిది మొహం ఎర్రబడింది. మా ఆయన నేల చూపులు చూశాడు. ఆ మాట వెనక్కి తీసుకోవాలని నాకు అనిపించలేదు. గుమ్మంలోంచి అత్తయ్యగారి గొంతు వచ్చింది.

"ఆయనా తినలేదమ్మా."

"అదేంటక్కా?" అన్నాడు తమ్ముడు.

"ఒక్కనాడూ తినలేదు. పైనా కిందా కట్టుడు పళ్ళు ఆయనకి. మీకెవరికీ తెలియకూడదని ఒట్టేయించుకున్నారు. ఆ ముక్క కొరికితే సెట్టు ఊడొచ్చేది. మీరంతా కార్లెక్కి వెళ్ళాక పప్పూ అన్నం మెత్తగా పిసికి పెడితే తినేవారు."

"మరెందుకక్కా ఇంత హడావిడి, ప్రతి ఆదివారం?"

"మీరొస్తారని."

జాలి పడాల్సిన చోటు అదేనని నాకు తెలుసు. చుట్టాల్లో ఇద్దరు ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు. నేను ప్రయత్నించాను, రాలేదు. మనుషులు రావాలంటే రమ్మని పిలిస్తే చాలు. కాఫీ ఇచ్చినా వస్తారు. తాను కనీసం నమలలేని ముక్క కోసం, ఎవరో టిష్యూలో ఊసేసే ముక్క కోసం, మా పాప పక్కటెముకల మధ్య అన్ని గుంటలు పడ్డాయి. ఆయన ఒంటరితనం పెద్దదే అయి ఉండొచ్చు. దాని పొగగొట్టం మాత్రం నా కిటికీ కింద ఉంది.

బావమరిది గొంతు సవరించుకున్నాడు. "అయినా అక్కా, బావ పేరు చెప్పి ఒక్కసారి వెలిగిద్దాం. ఆనవాయితీకి. అరగంటలో అయిపోద్ది" అని బొగ్గుల బస్తా మూతి విప్పబోయాడు.

అత్తయ్యగారు మెట్లు దిగి వచ్చి, ఆ బస్తా మీద చెయ్యి వేశారు.

"పాప ఉందిరా. వద్దు."

అంతే అన్నారు. అతను బస్తా వదిలేశాడు. ఆ దొడ్లో ఎవరైనా ఆ మాట అంటారేమోనని అక్కడున్న రెండేళ్ళూ ఎదురుచూశాను. అది అనడానికి ఎంతసేపు పడుతుందో ఇప్పుడు చూశాను. ఒక్క క్షణం కూడా పట్టలేదు. అయినా ఆయన బతికున్నంతకాలం ఆవిడ అనలేకపోయారు. నేనూ అనలేకపోయాను.